ఒకసారి ఓడెక్కినవాళ్ళు మళ్ళీ ఓడే అంటారెందుకు? (మాది తిరుపతి, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు)

తిరుచానూరు రోడ్డు:

మా బావమరిది పోయినేడు చెన్నైలో క్రూజ్ ఓడెక్కి (విహారానికి తిప్పే పెద్ద ఓడ) వైజాగ్, పాండిచ్చేరి తిరిగొచ్చాడు. అప్పట్నించి ఎక్కడికి పోదామన్నా "అదే ఓడలో అయితేనా..." అని మొదలుపెడతాడు. ఊటీ అన్నా ఓడే, కేరళ అన్నా ఓడే, కాశీకి టికెట్లు చూడరా అంటే కూడా సింగపూర్ నుంచి ఓడ ధర ఎంతో తెలుసా బావా అంటాడు. వాడొక్కడే అయితే పట్టించుకునేవాణ్ణి కాదు, మా ఆఫీసులో ఒక మేడమ్‌ది కూడా ఇదే వరస. ప్రపంచంలో చూడాల్సిన ఊళ్ళు ఇన్ని ఉండగా మళ్ళీ మళ్ళీ ఓడకే డబ్బు కడుతున్నారు.

నేను కారు మనిషిని. మదురై, రామేశ్వరం, మున్నార్, కూర్గ్ అన్నీ స్టీరింగ్ పట్టుకునే చూశాను. టీ బాగుంటుందనిపించిన చోట ఆగడం, పాత గుడి బోర్డు కనిపిస్తే పక్కదారి పట్టి చూసి రావడం, నాకు ట్రిప్పంటే అదే. లక్షలు పోసి ఒకేచోట కూర్చుని చుట్టూ నీళ్ళు చూడ్డంలో ఏముంది? ధర తక్కువనా, తిండి బాగుంటుందనా, లేకపోతే వాట్సాప్ స్టేటస్‌ల కోసమా?

ఇంట్లో ఆరుగురం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, నాన్నకు షుగర్, పిల్లల్లో పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నోడు నాలుగు. నిజంగా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. ప్యాకేజీలు అమ్మేవాళ్ళు మాత్రం దయచేసి ఇన్‌బాక్స్‌లోకి రావద్దు.

పీలేరు అబ్బాయి:

అన్నా, నేను కారు మనిషినని మీరే చెప్పేశారు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు ఏ మనుషులో ఎప్పుడైనా అడిగారా?

తప్పుగా అనుకోకండి, మా ఇంట్లో కూడా ఇంతే. మా నాన్న, నేను దారి ఎంజాయ్ చేస్తాం. అమ్మ మాత్రం ఘాట్ రోడ్డులో నిమ్మకాయ వాసన చూసుకుంటూ, బాత్రూం ఎక్కడొస్తుందా అని లెక్కేసుకుంటూ కూర్చుంటుంది. మున్నార్‌లో రెండు రాత్రులు, అలెప్పీలో ఒకటి, కొచ్చిలో ఒకటి అని ప్లాన్ వేస్తే అన్నిసార్లు బ్యాగులు సర్దాలి, అన్నిసార్లు విప్పాలి, ప్రతిచోటా పదకొండింటికల్లా గది ఖాళీ చేసి తర్వాతి హోటల్లో రెండు గంటల దాకా రిసెప్షన్ సోఫాలో పడిగాపులు పడాలి. ఓడలో బ్యాగు విప్పేది ఒక్కసారే. మనం నిద్రపోతుంటే అది ప్రయాణం చేస్తుంది, తెల్లారేసరికి ఇంకో ఊరు. పగటి వెలుగు ప్రయాణానికి ఖర్చు కాదు. చాలామంది మళ్ళీ వెళ్ళడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

మేం చెన్నై నుంచి విమానంలో సింగపూర్ పోయి అక్కడ ఎక్కాం. గది చిన్నది, ముందే చెప్తున్నా. ఖాళీ సూట్‌కేసులు మంచం కిందకు తోసేయాలి, బాత్రూంలో మోచెయ్యి గోడకు తగలకుండా స్నానం చేయడం ఒక విద్య. కానీ గోడలు ఇనప రేకుతో చేసినవి, అయస్కాంతం అతుక్కుంటుంది. మా అమ్మ ఇంటి ఫ్రిజ్ మీదున్న శ్రీవారి మ్యాగ్నెట్ పర్సులో వేసుకొచ్చింది, అద్దం పక్కన అంటించి పొద్దున్నే దండం పెట్టుకుంది. అంతే, ఆ గది మా ఇల్లయిపోయింది.

ఇంకోటి, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. హోటల్ ట్రిప్పులో ఒకరికి నిద్రొస్తే అందరూ పడుకోవాల్సిందే, ఒకరికి ఆకలేస్తే అందరూ కదలాల్సిందే. ఓడలో నాన్న తొమ్మిదింటికే పడుకున్నాడు, అమ్మ మ్యాజిక్ షో చూసింది, నేను, నా చెల్లెలు అర్ధరాత్రి దాకా పైడెక్కు (పై అంతస్తు) మీద ఉన్నాం. ఎవరెక్కడున్నా లిఫ్టెక్కితే రెండు నిమిషాల్లో దొరుకుతారు కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు.

మదనపల్లె టమోటా:

ఇదే వస్తుందని తెలుసు, బ్యాగు ఒక్కసారే విప్పాలంట. సామీ, బ్యాగు విప్పకుండా ఉండాలంటే ఇంట్లోనే ఉండొచ్చు కదా!

నేనూ వెళ్ళా. నాకు మాత్రం సముద్రం మీద తేలే కళ్యాణమండపంలా అనిపించింది. పొద్దున లేచింది మొదలు తిండి, మైకులో అనౌన్స్‌మెంట్లు, కొలను పక్కన పాటలు, మళ్ళీ తిండి. 2024 జనవరిలో మయామీ నుంచి మొదలైన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడకు 20 డెక్కులు, నిండితే 7,600 మంది ప్రయాణికులు పడతారు. అందులో కూర్చున్నవాడికి సముద్రం కనపడాలంటే వెతుక్కోవాలి.

ఊళ్ళు చూపిస్తారంటారా, ఎక్కడ చూపిస్తారు? పొద్దున ఎనిమిదికి దింపుతారు, సాయంత్రం నాలుగైదుకల్లా ఎక్కమంటారు. సింగపూర్ ఓడలు మలేసియాలో ఆగే పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ పోవాలంటేనే గంటకు పైన పడుతుంది, ట్రాఫిక్ ఉంటే ఇంకా. పోను రాను తీసేస్తే మిగిలింది పెట్రోనాస్ జంట టవర్ల ముందు ఫోటో దిగి రావడానికి సరిపోతుంది. ఆ ఊరి పొద్దున టిఫిన్ తెలీదు, రాత్రి బజారు తెలీదు. గండికోటలో రాత్రి ఉండి పొద్దున్నే పెన్న లోయ చూసినవాడికి, ఎండలో పదకొండింటికి బస్సు దిగి గంటలో వెళ్ళిపోయినవాడికి తేడా ఉండదా?

వైజాగ్ కోసం ఓడ ఏందన్నా అసలు, తిరుమల ఎక్స్‌ప్రెస్ ఉంది కదా మనకు.

డబ్బు సంగతి కూడా చెప్పనీండి. ప్రకటనలో ఉండేది కిటికీ లేని గది ధర. దాని మీద పన్నులు, పోర్టు ఛార్జీలు, ఆ తర్వాత టిప్పులు. అమెరికన్ కంపెనీల ఓడల్లో మామూలు గదికి మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్లు టిప్పు కింద బిల్లులో వాళ్ళే వేసేస్తారు, చంటిపిల్లలు తప్ప మిగతా పిల్లలకీ లెక్కే. వైఫైకి వేరే, కూల్‌డ్రింకుకి వేరే, దిగి ఊరు చూపించినందుకు వేరే. కార్డు గీకుతూ పోతుంటాం, చివరి రోజు తలుపు కింద బిల్లు తోస్తారు.

ఇక ఆ ఊరివాళ్ళ గోడు ఎవరికి కావాలి. వెనిస్‌లో పెద్ద ఓడలు ఊరి మధ్య కాలువలోంచి పోకుండా 2021 ఆగస్టు నుంచి ఆపేశారు. తిరుపతోళ్ళకు నేను చెప్పాలా, ఒక్కసారిగా వేలమంది దిగితే ఊరికి ఏమవుతుందో!

కాణిపాకం వదిన:

టమోటా తమ్ముడూ, నువ్వు చెప్పిందంతా కరెక్టే, కానీ నువ్వు కళ్యాణమండపానికి భోజనానికి వెళ్ళినవాడివి. వడ్డించేవాళ్ళను అడిగితే కథ వేరేగా ఉంటుంది.

మా పుట్టిల్లు కాణిపాకం దగ్గర, కాపురం తిరుపతిలో. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవుండదని అందరికీ తెలుసు. దర్శనం టికెట్ దొరికిందంటే ముందు రోజు రాత్రి మా ఇంట్లో దిగుతారు, మూడింటికి లేచి కొండెక్కే వాళ్ళకు కాఫీ పెట్టాలి, దిగొచ్చేసరికి భోజనం ఉండాలి. నాకు ఇష్టమే, ఎవర్నీ ఏమీ అనడం లేదు. కానీ ఈ ఇంట్లో ఆడమనిషికి సెలవంటే ఏంటో చెప్తా వినండి.

మేం కారులో కూర్గ్ పోయినప్పుడు కూడా డిక్కీలో రైస్ కుక్కర్, చిన్న ఇండక్షన్ స్టవ్, రసం పొడి, పచ్చళ్ళు, మా అత్తకు సపరేటుగా రాగిపిండి. బయట తిండి ఆమెకు పడదు. అంటే వంటిల్లు మారిందే గానీ వంటమనిషి మారలేదు. హోటల్ గదిలో బాత్రూం పక్కన ప్లగ్గులో కుక్కర్ పెట్టి, ఆవిరికి గది అలారం మోగుతుందేమోనని టవల్‌తో విసురుకుంటూ అన్నం వండిన ఆడవాళ్ళు ఈ గుంపులో చాలామంది ఉంటారు, చేతులెత్తండి.

ఓడలోకి రైస్ కుక్కర్ రానివ్వరు. ఇస్త్రీపెట్టె, కెటిల్, స్టవ్, వేడెక్కే వస్తువు ఏదైనా సరే, స్కానింగ్‌లో పట్టుకుని పక్కన పెట్టేస్తారు, నిప్పు భయం వాళ్ళకు. మా ఆయన ఆ రూల్ చదివి అమ్మ ఎట్లా తింటుందో అని కంగారుపడ్డాడు, నేను మాత్రం మనసులో ఆ కంపెనీవాళ్ళకు దండం పెట్టుకున్నా. మా అత్త మొదటి పూట ముఖం ముడుచుకుంది, రెండో పూట దోసె, పెరుగన్నం దొరికాయి, మూడో రోజుకల్లా వడ్డించే అబ్బాయి ఆమెను చూడగానే మజ్జిగ తెచ్చి పెట్టాడు. మన దేశం నుంచి బయల్దేరే ఓడల్లో వెజ్, జైన్ భోజనం కూడా ఉంటుంది. సింగపూర్ ఓడల్లోనూ ఇండియన్ కౌంటర్ దొరుకుతుంది, కాకపోతే అది పంజాబీ రుచి, మన ఉప్పూ కారం కాదు. ఇంట్లో చేసిన వంటకాలు సాధారణంగా ఒప్పుకోరు, సీలున్న ప్యాకెట్లకు కొన్ని కంపెనీలు సరే అంటాయి, అడిగి తీసుకెళ్ళండి.

ఇంకో మాట. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. తీరం దాటాక ఓడ నెట్‌వర్క్ పట్టుకుంటే రోమింగ్ బిల్లు గూబ గుయ్యిమంటుంది కాబట్టి అందరూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకోవాల్సిందే. "వదినా, రేపు పొద్దున తిరుపతిలో దిగుతున్నాం" అనే ఫోన్ రాని రోజులు నా పెళ్ళయ్యాక అవే. దానికోసమే మళ్ళీ వెళ్తా, సముద్రం కోసం కాదు.

చిత్తూరు మామిడి:

అన్నీ బాగున్నాయి గానీ వాంతులు? మా ఆవిడకు చంద్రగిరి దాటకముందే తల తిరుగుతుంది.

రేణిగుంట జంక్షన్:

చిత్తూరు అన్నా, నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివి కొన్నేళ్ళు ఓడల్లో పనిచేశాను, డైనింగ్‌లో. చెప్పగలను.

ఘాట్ రోడ్డులో తిప్పినంత తిప్పదు, ఎందుకంటే పెద్ద ఓడలకు రెండు పక్కలా నీళ్ళలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, అటూ ఇటూ ఊగడాన్ని బాగా తగ్గిస్తాయి. అయినా ఊగదు అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. గది ఎంచుకునేటప్పుడు కింది డెక్కులో, ఓడ పొడుగులో మధ్యలో ఉన్నది అడగండి, ఊపు అక్కడే తక్కువ. బాల్కనీ, పై అంతస్తు అని డబ్బు ఎక్కువ పెట్టి కొన్నవాళ్ళకే తల ఎక్కువ తిరుగుతుంది, ఇది నేను రోజూ చూసిన తమాషా. అవోమిన్ లాంటి మాత్ర మీ డాక్టరును అడిగి ముందే దగ్గర పెట్టుకోండి, తల తిరగడం మొదలయ్యాక కంటే ముందు వేసుకుంటేనే పనిచేస్తుంది.

సీజన్ కూడా చూడాలి. మన దేశపు ఓడ (కార్డెలియా కంపెనీది) సాధారణంగా జూన్ నుంచి సెప్టెంబరు మధ్య చెన్నైకి వస్తుంది. అప్పుడు ముంబై, గోవా, లక్షద్వీప్ వైపు నైరుతి రుతుపవనాలకు సముద్రం రేగి ఉంటుంది, ఇటు బంగాళాఖాతం తీరం నయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం మనవైపు, అప్పటికి అది మళ్ళీ అటు వెళ్ళిపోతుంది. చిక్కేంటంటే ఓడ వచ్చే వేళకు మన పిల్లలకు బడులు తెరిచేస్తారు.

టమోటా బ్రో చెప్పిన డబ్బు లెక్క నిజమే, కానీ దాన్ని తిరగేసి చూడండి. ఓడ కదిలాక ఖాళీ గదికి రూపాయి రాదు. అందుకే ఎలాగైనా నింపాలని గది ధర తగ్గిస్తారు, పోయింది మందులో, క్యాసినోలో, దుకాణాల్లో, ఊరు చూపించే టూర్లలో రాబట్టుకుంటారు. మన మధ్యతరగతి కుటుంబం తాగదు, క్యాసినో గడప తొక్కదు, దుకాణంలో వాచీ ధర అడిగి వచ్చేస్తుంది. అంటే పక్క టేబుల్ మీద విస్కీ తాగేవాడు మన భోజనానికి కొంత కడుతున్నాడన్నమాట. తెలివిగా వెళ్ళేవాళ్ళకు గది, మూడు పూటలా తిండి, షోలు, ఊరి నుంచి ఊరికి ప్రయాణం అన్నీ కలిపి చూస్తే అదే స్థాయి హోటల్ కంటే తక్కువే పడుతుంది. మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు ఎక్కువగా ఈ లెక్క తెలిసినవాళ్ళే. ఎన్ని రాత్రులు గడిపితే అంత పెద్ద మెంబర్‌షిప్ కార్డు ఇస్తారు, దాని రంగు చూపించుకుని మురిసిపోయే తాతయ్యలు ఓడకు ఇరవై మంది ఉంటారు.

వదినగారూ, మీరు వడ్డించేవాళ్ళ మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. మీకు మజ్జిగ తెచ్చిన అబ్బాయికి కాంట్రాక్టు అయ్యేదాకా ఆదివారం అనేది ఉండదు. ఆరు నుంచి తొమ్మిది నెలలు, వారంలో ఏడు రోజులూ పనే. అంతర్జాతీయ నియమం ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు విశ్రాంతి ఇవ్వాలి, ఇస్తారు, కానీ ముక్కలు చేసి ఇస్తారు. నీటిమట్టం కింద ఉండే గదిలో ఇద్దరం, కిటికీ ఉండదు. జీతం మిగులుతుంది కాబట్టి చేశాం, ఇల్లు కట్టుకున్నాం. ఫిర్యాదు కాదు. దిగేముందు కార్డు మీద అతని పేరు రాసి బాగా చూసుకున్నాడని రెండు ముక్కలు రాయండి, మాకు తర్వాతి కాంట్రాక్టుకి అది పనికొస్తుంది.

తిరుచానూరు రోడ్డు:

ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. పీలేరు తమ్ముడి మాట పట్టుకుని ఇంట్లో అడిగా, వెనక సీటు ఎట్లా ఉంటుందని. మా ఆవిడ అరగంట చెప్పింది, మధ్యలో ఆపలేదు. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, ఓడలో మెట్లుంటాయా అని.

రేణిగుంట అన్నా, ప్రమాదాల సంగతేంటి? నాన్న పేపర్లో చదివినవన్నీ గుర్తుపెట్టుకుంటాడు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పట్నించి పాపికొండలు మాటెత్తనివ్వడు.

రేణిగుంట జంక్షన్:

నాన్నగారి భయం అర్థం చేసుకోగలను. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కంకోర్డియా అనే పెద్ద ఓడ రాయికి గుద్దుకుని ఒరిగిపోయింది, 32 మంది చనిపోయారు. కొత్తగా ఎక్కినవాళ్ళకు అప్పటికింకా భద్రతా డ్రిల్ పెట్టలేదు. దాని తర్వాత నియమాలు మార్చారు, ఇప్పుడు బయల్దేరకముందో, బయల్దేరిన వెంటనేనో ప్రతి ఒక్కరికీ డ్రిల్ చేయించాల్సిందే. మనవాళ్ళు దాన్ని ఎగ్గొట్టి బఫే దగ్గర క్యూ కడతారు, మీరు అట్లా చేయొద్దు, లైఫ్‌జాకెట్లు, మీ గుంపు చేరాల్సిన చోటు అమ్మానాన్నలకు నడిపించి చూపించండి.

నిజానికి ఎక్కువగా వచ్చే బాధ మునగడం కాదు, కడుపు. నోరోవైరస్ (వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిమి) ఒకరికి వస్తే డెక్కంతా పాకుతుంది, శానిటైజర్ దానికి సరిగ్గా పనిచేయదు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి, తినే ప్రతిసారీ. నాన్నగారి షుగర్ మందులు చేతిసంచిలోనే ఉంచండి, ఎక్కేటప్పుడు ఇచ్చేసిన పెద్ద బ్యాగులు గదికి చేరేసరికి ఒక్కోసారి రాత్రవుతుంది. ఓడలో డాక్టరు ఉంటారు కానీ ఫీజు బాగా ఎక్కువ, ఇన్సూరెన్స్ లేకుండా పెద్దవాళ్ళను ఎక్కించొద్దు.

అమ్మగారికి లోపల మెట్లతో పనిలేదు, అన్ని డెక్కులకూ లిఫ్టులున్నాయి, వీల్‌చైర్ ముందే చెప్తే ఎక్కేటప్పుడు వాళ్ళే తోసుకెళ్తారు. బయటే జాగ్రత్త. వైజాగ్‌లో 2023 సెప్టెంబరులో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది, ఓడ గట్టుకే ఆనుతుంది, దిగడం తేలిక. గట్టు దాకా రాలేని చోట్ల మాత్రం ఓడ సముద్రంలోనే ఆగి చిన్న బోట్లలో దింపుతుంది, లక్షద్వీప్‌లో అంతే, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో పటాంగ్ వైపు ఆగినా అంతే. ఊగే బోటులోకి అడుగు వేయడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కష్టం, కొన్నిసార్లు వాళ్ళే వద్దంటారు. బుక్ చేసేముందు ఏ ఊళ్ళో గట్టుకు ఆనుతుంది, ఏ ఊళ్ళో బోటు అని ఊరు ఊరుకీ అడగండి.

పీలేరు అబ్బాయి:

సింగపూర్ వైపు ఆలోచిస్తే మలేసియాలోని పెనాంగ్‌లో ఆగే ఓడ చూడండన్నా. అక్కడ ఓడ జార్జ్ టౌన్ నడిబొడ్డునే ఆగుతుంది. దిగి నడుచుకుంటూ పోతే లిటిల్ ఇండియా, 1833 నాటి మహామారియమ్మన్ గుడి, ఆటో కూడా అవసరం పడలేదు మాకు. టమోటా అన్న చెప్పిన పోర్ట్ క్లాంగ్ బాధ ఇక్కడ ఉండదు. ఒకటే గుర్తుపెట్టుకోండి, వాళ్ళ టూరులో పోయి ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ అంతట మీరు తిరిగి ఆలస్యమైతే ఆగదు. గట్టు మీద పరిగెత్తే జనాన్ని పైడెక్కు నుంచి చూసి చప్పట్లు కొట్టడం అక్కడొక వినోదం.

మదనపల్లె టమోటా:

పెనాంగ్‌కి ఒప్పుకుంటా. కానీ అక్కడ రెండు రాత్రులుండి తినాల్సిన తిండిని ఆరు గంటల్లో తినలేరు, అదొక్కటి చెప్పి ఊరుకుంటా. అన్నా, పెద్దవాళ్ళను ఓడెక్కించండి, మీరు మాత్రం ఆ తర్వాత కారు తీసి గండికోట రండి, మదనపల్లె మీదుగా వస్తే టీ నాది.

కాణిపాకం వదిన:

ఆ కారు ట్రిప్పుకి వంట ఎవరు చేస్తారో కూడా ఇప్పుడే తేల్చుకోండి.

తిరుచానూరు రోడ్డు:

హహ, వదినా, గండికోటకి మగాళ్ళమే పోతాం, హోటల్ తిండే. ఓడ సంగతి, ముందు చెన్నై నుంచి దేశంలోనే తిరిగేది చూద్దామనుకుంటున్నాం, ఆధార్ లాంటి కార్డు చాలంటున్నారు కాబట్టి. అమ్మానాన్నలకు పాస్‌పోర్టులు లేవు, ఎలాగూ మన తిరుపతిలోనే సేవాకేంద్రం ఉంది, అప్లై చేసి పెట్టుకుంటే తర్వాత సింగపూర్. బడి వారం రోజులు మానిపించడానికి తొమ్మిదో తరగతి క్లాస్ టీచరును ఒప్పించే పని మా ఆవిడ తీసుకుంది.

పీలేరు అబ్బాయి:

సింగపూర్ వీసా వచ్చినప్పుడు అది మల్టిపుల్ ఎంట్రీనో కాదో చూసుకోండన్నా. ఓడ మలేసియా పోయి తిరిగొచ్చి మళ్ళీ సింగపూర్‌లోనే దింపుతుంది, అంటే రెండోసారి దేశంలోకి అడుగు పెట్టినట్టు లెక్క. మా పక్క క్యూలో ఒక ఫ్యామిలీ ఇది చూసుకోక ఎక్కేముందే కౌంటర్ దగ్గర ఇరుక్కుపోయారు.